ముందుగాల పండవెట్టు

కల్వకుర్తిల జహంగీర్ షెడ్డు ముంగట
మూడు బండ్లు నిలవెట్టిండు నా కోసం.
"ఏది నచ్చిందో చెప్పకు చెల్లె,
ముందుగాల పండవెట్టు."

పండవెట్టుడేంది?
కొననీకొచ్చినోల్లు బండిని పడేస్తరా?
"పడుతది. ఇయ్యాల కాకుంటె రేపు, ఎల్దండ కాడ.
నువ్వు లేపలేని బండి నీది గాదు."

మా అన్న కొడుకు నవదీప్ సూపిచ్చింది ఎర్రది,
రెండువందల సీసీ.
దాని మీద కూసుంటె నా కాలివేళ్ల కొసలు
నేలను అడుగుతున్నయి, "ఉన్నవా?" అని.
పండవెట్టిన. లేవలె.
రెండోది కదిలింది, పండ్లు కొరికిచ్చింది.
మూడోది వంద సీసీ,
ట్యాంకు మీద ఎవల్దో పేరు గీకేసిన మచ్చ.
వీపు ఆనిచ్చి, మోకాళ్లు వంచి,
ఈనినంక కూలవడ్డ బర్రెను లేపినట్టు
తొడల బలంతోటి లేపిన.
లేసింది.
"ఆఁ" అన్నడు జహంగీర్, గంతె.
"అత్తా, గది తాతల బండి" అన్నడు నవదీప్.

ఊరూరు తిరిగి
ఎదకొచ్చిన బర్లకు సూదులేసుడు నా పని.
ఇన్నేండ్లు బస్సు, ఆటో,
దయగలోల్ల ఎన్క సీటు.
ఎద బస్సు టైమడిగి రాదు.
పొగలు గక్కే నత్రజని క్యాను ఎన్క కట్టాలె,
దున్నిన చెలకల గట్లెంబడి పోవాలె.
గందుకే స్కూటీ వద్దనుకున్న.

బస్టాండు కాడ రెండొందల యాభైకి
హెల్మెట్లు పుచ్చకాయల లెక్క కుప్పవోసి అమ్ముతరు.
ఒకటి తెచ్చిన, నల్లగ మెరుస్తున్నది.
జహంగీర్ దాన్ని రెండు బొటనవేళ్లతోటి ఒత్తిండు.
లొట్టవోయింది.
"ఇది పోలీసాయన కోసం.
తలకాయ కోసం ఏది?"

తలకాయ కోసం పాలమూరు వోయిన.
దుకాణపాయన టేపు దీసి నుదురు చుట్టు కొలిచిండు.
యాభై ఆరు.
పుట్టి ముప్పై ఎనిమిదేండ్లు,
జాకెట్టు కొలత ఎరుక, గాజుల కొలత ఎరుక,
తలకాయ కొలత ఎన్నడెవలు అడగలె.
చెంపలు ఒత్తాలె, చెవులు నొయ్యద్దన్నడు.
తలాడిస్తె అదిగూడ ఆడాలె, ఎన్కబడద్దు.
సిగ జుట్టుకుంటె పట్టలె,
ఆడనే ఇప్పి, మెడ కాడ వదులుగ అల్లుకున్న.

చేతుల తొడుగుల కాడ నాకే నవ్వొచ్చింది.
భుజందాక వచ్చే ప్లాస్టిక్ తొడుగులు
నా సంచిల ఎప్పుడు వందుంటయి,
బర్రె కడుపుల చెయ్యి వెట్టేటందుకు.
నా తోలు కోసం ఒక్క జత లేదు.
కొన్న. నాలుగువందల ఎనభై,
అరచేతుల కాడ రెండు పొరలు.
జాకెట్ ధర అడిగి, ఉన్నకాడనె పెట్టిన.
ఇంట్ల మా ఆయన పాత జీన్స్ అంగి ఉన్నది, మందపుది.
ఈ యేటికి అదే.
మా అత్త కొత్త బూట్లను అటిటు తిప్పి సూసింది,
ఎవల్లవని అడగలె.

మూడో వారం, రాచూరు మూల మీద
ట్రాక్టరు ఒంపిన ఇసుక.
ముందు బ్రేకు వట్టిన.
పట్టద్దని తెలిసె వట్టిన.
బండొక దిక్కు, నేనొక దిక్కు,
క్యాను మాత్రం కట్టు ఇడువలె.
అరచేతి కాడ తొడుగు చినిగింది,
కింద చెయ్యి చెయ్యి లెక్కనే ఉన్నది.
మోకాలు గీసుకపోయింది,
దానికేం కొనలె గద.
చుట్టు సూసిన. కందిచేన్ల ఒక ముసలామె తప్ప ఎవల్లేరు.
వీపానిచ్చి లేపిన.

కొడవలి సంకల వెట్టుకొని ఆమె దగ్గరికొచ్చింది.
అంగట్ల కుండ బేరం జేసేటప్పటి లెక్క
వేలు మడిచి నా హెల్మెట్ మీద కొట్టింది, టక్ టక్.
"లోపలెవలే?"
"నేనే అవ్వా, అంజిలమ్మను, సూదులామెను."
ఆ మాట ముందుగాల నా చెవులకే వచ్చింది,
కొత్త స్పాంజి వాసనతోటి.
ఇంకోపారి కొట్టి సూసింది.
"పొద్దుగాల సంది మా బర్రె అరుస్తున్నది,
జర అటు రారాదు?"

ఎక్కమనబోయిన.
ఎన్క క్యాను. రెండో హెల్మెట్ లేనే లేదు.
బండి నూక్కుంట
ఆమె ఎంబడి నడిచిన.